పద్దెనిమిదో పేరు

అంబాజీపేట,
12 సెప్టెంబరు 2025

వీరబాబూ,

ఇక్కడి క్షేమాలు మీ అక్క ఫోన్లో చెప్పే ఉంటుంది. మళ్లీ రాసి కాగితం నింపను. నెలకు రెండు శుక్రవారాలు నువ్వు నీళ్ల ట్యాంకరు మీద అరవై కిలోమీటర్లు పోయి, సిగ్నలు దొరికే చోట నిలబడి చేసే ఆ ఫోను మీ అక్కది, నీ భార్య రేవతిది. అందులో బంతి మాట ఎత్తకూడదని మీ అక్క పెట్టిన షరతు నీకు తెలుసు. "మా తమ్ముడు అంత దూరాన్నించి చేసేది నా గొంతు వినడానికండి, మీ కార్నర్ కిక్కుల కోసం కాదు" అంటుంది. న్యాయమే. నాకూ ఫోన్లో మాట పెగలదు. మన సంగతులకు కాగితమే మేలు.

సుబ్బరాజు సెలవు అయిపోయి సోమవారం మీ క్యాంపుకు వస్తున్నాడు. ఉత్తరం అతనికిస్తున్నాను. ఎప్పటిలాగే అతికించలేదు. చేతికిచ్చే ఉత్తరం అతికించడమంటే మోసుకెళ్లే మనిషిని అనుమానించడమేనని మా నాన్నగారు అనేవారు. మన వైపు ఇప్పటికీ ఎవరూ అతికించరు.

మన కౌశిక జట్టు సంగతి బాగోలేదు. లీగులో ఎనిమిది జట్లు, మనది ఎనిమిదో స్థానం. చివర నిలిచిన జట్టు వచ్చే ఏడు ఉండదు. ఆగస్టు ఆఖరి ఆటలో అప్పన్న పెనాల్టీ బయటకు కొట్టాడు. జనం అతన్ని మాటలన్నారు. పదకొండేళ్లుగా మనకు గోల్స్ కొట్టిపెడుతున్నవాడు. పొద్దున్నంతా కొబ్బరి దింపు చేసి, సాయంత్రం అవే కాళ్లతో వచ్చి పరిగెత్తేవాడు. ఒక్క తన్నుకు అవన్నీ పోయాయి.

మైదానం ఆసామి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు నిన్న కొబ్బరి యార్డుకు వచ్చారు. నేను కాయలు లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా నిలబడి, "లీగులో ఉన్నన్నాళ్లూ మైదానం మీదేనండి, మా నాన్నగారి మాట అది. పడిపోతే మాత్రం నేను ఎండు కొబ్బరికి కళ్లం చేసుకుంటానండి. మీరు మరోలా అనుకోకూడదు" అన్నారు. నేను మరోలా ఏమీ అనుకోలేదు. ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

ఒక చిన్న మాట. లారీ డ్రైవరు సత్తిబాబు కాయల లోడు దింపి వస్తూ దారిలో ఎక్కడో విన్నాడట, కేరళ ఆటగాడెవరో గోదావరి వైపు ఏదో జట్టుకు వస్తున్నాడని. ఎవరో, ఏ జట్టుకో తెలీదు. ఉత్తి మాటే కావచ్చు. నీకు చెప్పకుండా ఉండలేక రాశాను.

సూరయ్య


మర్మూల్ దారి క్యాంపు, ఒమన్
28 సెప్టెంబరు 2025

బావగారికి,

మీ ఉత్తరం నాకంటే ముందు క్యాంపు అంతా చదివింది. సుబ్బరాజు బస్సు మెట్టు మీదనుంచే "కేరళ నుంచి మనకి ఫార్వర్డు వస్తున్నాడ్రోయ్!" అని కేకేసేడు. ఇక్కడ మన కోనసీమ వాళ్లం పద్నాలుగు మందిమి. ఆ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు, నవ్వుతూనే ఉన్నారు. మీరు "ఉత్తి మాటే కావచ్చు" అని రాసిన ముక్క నేను చూపిస్తే, "మీ బావగారు ఏది మాత్రం గట్టిగా అంటారండి, ఆయన అలా రాసేరంటే సగం ఖాయం" అన్నాడు సుబ్బరాజు. అదీ నిజమే కదండీ.

మా వంటవాడు కుట్టన్‌ది తిరూర్. బంతంటే ప్రాణం. వాణ్ని అడిగేను. గరిటె ఆపి వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టేడు. "మీ వైపు వచ్చేవాడెవడైనా ఉంటే షిహాబ్ అయ్యుండాలి" అన్నాడు. ఎడమకాలి వాడట. వాళ్ల ఊళ్లో రాత్రి టోర్నమెంట్లలో అతని పేరు వింటే టిక్కెట్లు దొరికేవి కావట. అతను ఇప్పుడు ఏ జట్టుకూ ఆడటం లేదట. అంటే ఖాళీగానే ఉన్నాడన్నమాట. ఇది కుట్టన్ ఊహేనండి, అయినా రాస్తున్నాను.

బావగారూ, ఇక్కడ నేల ఎంత చదునుగా ఉంటుందో మీకు ఎలా చెప్పను. ఎటు చూసినా మైదానమే. ఆడేవాళ్లు లేరు, గడ్డి లేదు. ట్యాంకరు నడుపుతూ నేను కళ్ల ముందు మన మైదానం పెట్టుకుంటాను. కాలువ వైపు గోలులో నేను నిలబడ్డ తొమ్మిదేళ్లు. అది కళ్లం అయిపోతే నేను తిరిగొచ్చి ఎక్కడ దిగాలండీ? ఇల్లుంది, రేవతి ఉంది, కాదనను. కానీ అక్కడ నేను డ్రైవరునే. మైదానంలోనే నేను వీరబాబుని.

కుమారస్వామి శుక్రవారం విమానం ఎక్కుతున్నాడు. అతని చేతికిస్తున్నాను.

మీ వీరబాబు


అంబాజీపేట,
10 అక్టోబరు 2025

వీరబాబూ,

ఒక వింత జరిగింది. జాగ్రత్తగా రాస్తాను.

నీ ఉత్తరం నాకు మంగళవారం అందింది. కుమారస్వామి ఆదివారమే ఊళ్లో దిగాడు గాని జ్వరం తగిలి రెండు రోజులు ఆలస్యంగా తెచ్చిచ్చాడు. అయితే నేను షిహాబ్ అనే పేరు సోమవారమే విన్నాను. దుర్గమ్మ టిఫిను బండి దగ్గర. నీ ఉత్తరం తెరవకముందే. అంటే ఆ పేరు నీ దగ్గర్నుంచి కాక వేరే దారిన కూడా ఊళ్లోకి వచ్చిందన్నమాట. రెండు దారుల్లో ఒకే పేరు రావడం ఉత్తి మాట కాదు. ఆ రాత్రి నేను చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

బండి దగ్గర మాటలు ఇలా సాగాయి.

"ఎడమ కాలు ఒక్కటేనా అండీ?"

"రెండు కాళ్లూనండి. ఎడంది ఇంకాస్త ఎక్కువ, అంతే."

"ఆరడుగులుంటాడంట."

"ఆరడుగుల రెండంగుళాలండి, మా బావ చెప్పేడు."

"ఇంకో గంటకి కొబ్బరిచెట్టంత అవుతాడు" అంది దుర్గమ్మ. "అట్టు చల్లారిపోతోంది, తినండి ముందు."

అప్పన్న అక్కడే నిలబడి తింటున్నాడు. ఎవరో, "అప్పన్నా, నువ్వింక చెట్లెక్కడానికే" అన్నారు. అతను నవ్వి, "చెట్టు కదలదండి. గోలీ కదులుతాడు. అదే వచ్చింది తంటా" అన్నాడు. అందరూ నవ్వారు. అతను సగం అట్టు వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రం యార్డు గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నాడు. "సెక్రటరీగారండీ, ఓ మాట. ఆయనొస్తే నేను పక్కన కూర్చోవాలాండీ? అలాగైతే అలాగేనని చెప్పేయండి. రాజోలు వాళ్లు అడుగుతున్నారు" అన్నాడు. నేను "చూద్దాం" అన్నాను. "ఆయ్" అని వెళ్లిపోయాడు.

సంగతేమిటంటే, రెండో అంకానికి, అంటే మనం లీగులో ఉంటామో పోతామో తేల్చే ఆఖరి ఆటకు, పేర్ల పట్టీ నవంబరు 22 శనివారం సాయంత్రం అయిదింటిలోగా అమలాపురంలో ఇవ్వాలి. పద్దెనిమిది పేర్లు. పదిహేడు మంది సంతకాలు అయిపోయాయి. సంతకమైన పేరు కొట్టేయడానికి వీల్లేదు. మిగిలింది ఒక్క వరుస. అది అప్పన్నది. అతను పెనాల్టీ పోయిన సిగ్గుతో సంతకానికి ముందు రాలేదు. ఇప్పుడు వచ్చాడు, నేను కాగితం తియ్యలేదు.

ఈ పని ఎవరు కదుపుతున్నారో నాకు తెలుసు. ఇక్కడ ఎవరికీ చెప్పను. నువ్వూ బయటపడకు.

సత్తిబాబు వాళ్లు రేపటినుంచి వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నారు. షిహాబ్ రావాలని. ఏడో శనివారం సరిగ్గా 22వ తేదీ అయింది. అది వాళ్లు లెక్కచూసి మొక్కింది కాదు.

మస్కట్ ఆసుపత్రిలో పనిచేసే రూతు రేపు బయల్దేరుతోంది. మీ క్యాంపు లారీకి అందిస్తానంది.

సూరయ్య


మర్మూల్ దారి క్యాంపు
24 అక్టోబరు 2025

బావగారికి,

"ఈ పని ఎవరు కదుపుతున్నారో నాకు తెలుసు" అన్న మాట చదివి నేను లేచి నిలబడ్డాను. మీరేనన్నమాట! ఇంత చేసి ఒక్క ముక్క బయటపెట్టకుండా, "ఉత్తి మాటే కావచ్చు" అని రాసేరు చూడండీ. అయిదో తరగతి చదివి, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు ఆట రూల్సు పుస్తకమంతా నేర్చుకున్న మనిషి మీరు. మీకు కేరళతో మాట్లాడటం ఒక లెక్కా. నేను ఇంక ఏమీ అడగను. గుట్టు మీది.

కుట్టన్‌కి చెప్పేను, అంబాజీపేటలో కూడా షిహాబ్ పేరే వినబడుతోందని. గరిటె పట్టుకునే గెంతేడు. "నేను చెప్పేనా లేదా!" అంటాడు. తర్వాతి శుక్రవారం నా ట్యాంకరు మీదే సిగ్నలుకి వచ్చి వాళ్ల ఊరికి ఫోన్ చేస్తానన్నాడు.

అప్పన్న మంచివాడండి. నా ముందు ఆడినవాడు, నాకు తెలీదా. కానీ ఆ వరుస మాత్రం ఖాళీగా ఉంచండి. చివరి నిమిషంలో షిహాబ్ దిగి, చోటు లేదంటే ఊరు మనల్ని బతకనివ్వదు. అప్పన్న కోపం రెండు రోజులు. మైదానం పోతే ఎల్లకాలం.

క్యాంపులో అందరూ సెలవు అడుగుతున్నారు. నాకు దొరకలేదు. ఆ ఆట రోజున నేను ఎక్కడ ఉంటే అక్కడ ట్యాంకరు ఆపి కూర్చుంటాను.

మీ వీరబాబు


అంబాజీపేట,
8 నవంబరు 2025

వీరబాబూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు "మీరేనన్నమాట" అంటున్నావు. నేను నువ్వనుకున్నాను. నువ్వు కుట్టన్ ద్వారా మాట్లాడుతున్నావనీ, అది బయటకు పొక్కకూడదనీ అలా రాశాను. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు షిహాబ్ ఎలా ఉంటాడో తెలీదు. అతని నంబరు తెలీదు. మరి మాట్లాడుతున్నదెవరు?

మన జట్టు ప్రెసిడెంటుగారిని అడిగాను. "మీరే కదండీ" అని కన్ను గీటారు. సత్తిబాబుని అడిగాను. "మీరు నన్నడగడం ఏంటండీ" అని నవ్వాడు. ఊళ్లో నేను ఎదురైతే జనం దారి ఇస్తున్నారు. దుర్గమ్మ నా దగ్గర అట్టుకు డబ్బు తీసుకోనంటోంది. నా వీపు వెనక "నోరు విప్పడురా, కొండలాంటి మనిషి" అంటున్నారు. ఈ గౌరవం మోయలేకుండా ఉన్నాను.

అప్పన్న రెండోసారి వచ్చాడు. నేను మళ్లీ "చూద్దాం" అన్నాను. మర్నాడు అతని భార్య అచ్చాయమ్మ మా ఇంటికి వచ్చి మీ అక్కతో చెప్పింది. "అమ్మగారండీ, మా ఆయన తెల్లారి చెట్టెక్కి పైన కూర్చుండిపోతున్నారండి. కాయ కొయ్యటం లేదు, దిగటం లేదు. కింద నిలబడి పిలిస్తే పలకరు. ఉంచుతారో తీసేస్తారో ఒక్క మాట చెప్పమనండి. ఏ మాటైనా సరే, దిగుతారు." మీ అక్క నావైపు చూసింది. నేను లోపలికి వెళ్లి చొక్కా వేసుకున్నాను. వాళ్లింటి దాకా వెళ్లాను. అప్పన్న అరుగు మీద పలుపు తాడు అల్లుకుంటున్నాడు. "రండి సెక్రటరీగారండీ" అని లేచాడు. నేను వాళ్ల ఆవు సంగతి అడిగి వచ్చేశాను. ఎంత నీచమో చూడు.

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి మనుషులు టేపు పెట్టి మైదానం కొలిచారు. ఇంకా ఆట ఉండగానే. నేను గీసిన సున్నం గీత మీదే మేకులు పాతారు.

మాకు పిల్లలు లేరని ఎవరన్నా అంటే మీ అక్క బాధపడుతుంది. నాకా మాట ఎప్పుడూ తగల్లేదు. ఇరవై రెండేళ్లుగా నాకు ఆదివారం సాయంత్రం ఉంది. అది పోతే అప్పుడు తగులుతుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీకు రాస్తున్నాను.

వచ్చే శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మాట్లాడతాను. మీ అక్క ఏమన్నా సరే.

సూరయ్య


మర్మూల్ దారి క్యాంపు
16 నవంబరు 2025

బావగారికి,

శుక్రవారం ఫోన్లో మీ గొంతు వినగానే ఎవరో పోయారనుకున్నాను. "కుట్టన్ ఎక్కడ విన్నాడు?" అన్నారు. "మీరు రాసిందే కదండీ, కేరళ ఆటగాడని. దానిమీద వాడు పేరు ఊహించేడు" అన్నాను. తర్వాత, "ఆ పేరు ఇక్కడికి నీ ఉత్తరంలోనే వచ్చింది, కుమారస్వామి జ్వరంతో పడుకుని రెండు రోజులు ఆ కాగితమే చదివి వినిపించాడట, ఇవాళే అడిగాను" అన్నారు. లైను తెగిపోయింది.

ఎండలో అలా నిలబడిపోయేనండి. మీరు నాకు చెప్పిన మాటే నేను మీకు చెప్పేను. మీరు దాన్నే మళ్లీ నాకు చెప్పేరు. మధ్యలో ఎవరూ లేరు. షిహాబ్ లేడు.

అని అనుకుంటూ క్యాంపుకి వచ్చి కుట్టన్‌కి చెప్పేను. వాడు ఒక పని చేసేడండి. పోయిన నెల ఫోన్లో షిహాబ్‌తోనే మాట్లాడేడు. "ఆంధ్రాలో ఒక ఊరు ఊరంతా నీకోసం ఎదురుచూస్తోంది. గుళ్లో నీ పేరున మొక్కుకుంటున్నారు" అని చెప్పేడు. అతను అంతా విన్నాడట. చివరికి, "నిజంగా నా పేరే అన్నారా?" అని అడిగేడట. అంతే.

బావగారూ, షిహాబ్‌కి నలభై ఏళ్లు. మోకాలికి రెండు ఆపరేషన్లు. ఆరేళ్లుగా చేపల మార్కెట్లో ఐసు కొట్టే పనిలో ఉన్నాడు. ఇదంతా కుట్టన్‌కి మొదటినుంచీ తెలుసు. "మోకాలు బాగయ్యుంటుంది, లేకపోతే మీవాళ్లు ఎందుకు అడుగుతారు?" అనుకున్నాడట. వాడు మనల్ని నమ్మేడు, మనం వాణ్ని నమ్మేం.

నిన్న తిరూర్‌కి కబురు పెడితే అతని భార్య చెప్పింది, టిక్కెట్టు తీసుకున్నాడు, శుక్రవారం 21న పొద్దున్న రాజమండ్రిలో దిగుతాడని. ఆపమని కుట్టన్‌ని అడిగేను. "నువ్వు ఆపు, నావల్ల కాదు" అని ఏడ్చేడు. నావల్లా కాలేదు.

వరుస ఖాళీగా ఉంచమన్నది నేను. అప్పన్న కాళ్లు పట్టుకోండి బావగారూ. నా తరఫున కూడా.

సుబ్బరాజు తల్లికి ఒంట్లో బాగోక అత్యవసరంగా వస్తున్నాడు. పరుగున రాసి ఇస్తున్నాను.

మీ వీరబాబు


అంబాజీపేట,
23 నవంబరు 2025

వీరబాబూ,

ఈ ఉత్తరం అతికించి పోస్టులో వేస్తున్నాను. ఆలస్యంగా అందితే అందనీ.

ఫోన్ అయిన రాత్రే అప్పన్న ఇంటికి వెళ్లాను. ఈసారి ఆవు సంగతి అడగలేదు. "షిహాబ్ అనే మనిషి రావడం లేదు. ఎవరూ పిలవలేదు. తప్పు నాది. నువ్వు కావాలి" అన్నాను. ఇంతే మాటలు.

అప్పన్న తల గోక్కుని, "ఆయ్. నాతో అన్నారు, చాలండి. ఆ మాటే ఆదివారం బండి దగ్గర అందరి ముందూ అనండి. ఆ తర్వాత సంతకం పెడతాను. ఆడేది వాళ్ల ముందు కదండీ" అన్నాడు. సబబే.

ఆదివారం పొద్దున్న బండి దగ్గర అరవై మంది ఉన్నారు. నేను బల్ల పక్కన నిలబడి, "అయ్యా, కేరళ నుంచి ఎవరూ రావడం లేదు. మేము ఎవరితోనూ మాట్లాడలేదు. మన ఫార్వర్డు అప్పన్నే" అన్నాను. సత్తిబాబు ఈల వేశాడు.

"చూసేరా! ఇన్నాళ్లూ నోరు విప్పని మనిషి ఇవాళ లేచి 'రావట్లేదు' అన్నారంటే, సంతకం అయిపోయిందన్నమాటే!"

"రాజోలు వాళ్ల చెవిన పడాలని అంటున్నారండి. పెద్ద బుర్ర!"

"కాదు, నిజంగానే" అన్నాను. ఇంకా గట్టిగా అరిచారు. నన్ను ఎత్తుకోబోయారు. దుర్గమ్మ ఒక్కతే అట్లకాడ పట్టుకుని నా ముఖం చూస్తూ, "ఆయన నిజమే చెబుతున్నారర్రా" అంది. ఎవరూ వినలేదు. "షిహాబ్, షిహాబ్" అని బల్లలు చరుస్తున్నారు.

అప్పన్న నా దగ్గరకు వచ్చాడు. "మీరు చెప్పేరండి. నేను విన్నాను. మీమీద నాకేం లేదు" అన్నాడు. "కానీ నేను బంతి పట్టినప్పుడల్లా వీళ్లు గేటువైపు చూస్తారండి, ఆయన వస్తున్నాడేమోనని. అలా ఆడలేనండి." ఆ సాయంత్రమే రాజోలు కాగితం మీద సంతకం పెట్టాడు.

నీ ఉత్తరం సుబ్బరాజు గురువారం తెచ్చాడు. తేవడానికి ముందే అతను చదివాడని వేరే చెప్పాలా. శుక్రవారం తెల్లవారి నేను రాజమండ్రి స్టేషనుకు వెళ్లేసరికి ప్లాట్‌ఫారం మీద మన ఊరివాళ్లు నలభై మంది, ఒక డప్పు, ఒక దండ. మోకాలు, ఐసు, నలభై ఏళ్లు, అవన్నీ సుబ్బరాజు చదివాడు గాని చెప్పలేదట. "చెబితే ఎవరు నమ్ముతారండి, నన్నే కొడతారు" అన్నాడు.

షిహాబ్ పెట్టె దిగేటప్పుడు ముందు కుడికాలు కింద పెట్టి, రెండో కాలు చేత్తో పట్టుకుని దింపాడు. డప్పు మోగుతోంది గనక ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. నేను చూశానని అతను చూశాడు. దండ వేశాక, ఆ గోలలో నా చెవి దగ్గర హిందీలో, "పది నిమిషాలు ఆడగలను. అంతకంటే లేదు. మీరు వద్దంటే ఇలాగే బండెక్కుతాను" అన్నాడు. మనిషి పొట్టి. ముఖం శుభ్రంగా గీసుకున్నాడు. చొక్కా కొత్తది, మడతలు ఇంకా పోలేదు.

నిన్న నాలుగున్నరకు అమలాపురంలో కూర్చున్నాను. పద్దెనిమిదో వరుస ముందు కలం పట్టుకుని. అప్పన్న లేడు. వేరే ఎవరూ లేరు. ఖాళీగా ఇస్తే అతను తిరుగు రైలెక్కాలి. ఇంటికెళ్లి భార్యకు ఏం చెబుతాడు? పేరు రాశాను. నా జీవితంలో ఇంత తప్పు రాత రాయలేదు. ఇంకొకటి రాయడానికి చేతకాలేదు.

బయటకు వస్తే సత్తిబాబు వాడపల్లి నుంచి నేరుగా వచ్చి నిలబడి ఉన్నాడు, ఏడో శనివారం పూర్తిచేసి. నా చేతిలో ప్రసాదం పెట్టాడు. తిన్నాను.

వచ్చే ఆదివారం ఆట. రాజోలు మీద. సమం చేస్తే చాలు, మైదానం మనది.

సూరయ్య


అంబాజీపేట,
1 డిసెంబరు 2025

వీరబాబూ,

ఓడిపోయాం. ఒకటి, సున్నా.

మూడు వేల మంది వచ్చారు. ఆట మొదలవకముందు నుంచి షిహాబ్ పేరే అరుస్తున్నారు. అతను గీత బయట కుర్చీలో మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. మనవాళ్లు బాగా ఆడారు. అది నిజం, ఓదార్పుకు రాయడం లేదు. అరవై నిమిషాల దాకా గోలు లేదు. అరవై మూడో నిమిషంలో కాలువ వైపు, నీ గోలులోనే, అప్పన్న తలతో కొట్టాడు. అతను చెయ్యెత్తలేదు. రాజోలు పిల్లలు మీద పడుతుంటే విదిలించుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. అచ్చాయమ్మ మన ఆడవాళ్ల మధ్యే కూర్చుని ఉంది. కొంగు నోట్లో పెట్టుకుంది.

చివరి పది నిమిషాలకు షిహాబ్‌ని దింపాం. జనం లేచి నిలబడ్డారు. అతను పరిగెత్తలేదు, నడిచాడు. రెండు నిమిషాలకు జనానికి అర్థమైంది. మూడు వేల మంది ఒక్కసారి మాట మానేస్తే ఎలా ఉంటుందో నేను మొదటిసారి విన్నాను. ఎవరూ తిట్టలేదు. సత్తిబాబు కిందకు కూర్చుని చెప్పులు చూసుకుంటున్నాడు.

ఆట అయ్యాక సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "క్షమించాలండి" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఇవాళ సోమవారం. పొద్దున్న యార్డుకు వెళ్తూ చూశాను, మనుషులు గోలు కొయ్యలు తీస్తున్నారు. ఈసారి నువ్వు చేసినప్పుడు మీ అక్క ఫోన్ నాకే ఇస్తానంది. నాతో ఏం మాట్లాడతావో చూసుకో.

షిహాబ్‌ని రాత్రి రైలెక్కించాను. కుట్టన్‌ని ఏమీ అనవద్దన్నాడు.

ఒక్క సంగతి మిగిలింది. అది చెప్పడానికే ఇదంతా రాశాను.

ఎనభై ఏడో నిమిషం. బంతి దొర్లుకుంటూ షిహాబ్ కాలి దగ్గరకు వచ్చింది. అతను తలెత్తలేదు. ఎడమ పాదం పక్కతో, మనం గుమ్మంలో చెప్పు జరిపినట్టు, ఊరికే నెట్టాడు. ఆ బంతి రాజోలు నలుగురి మధ్యలోంచి వెళ్లి, గోలుకు పన్నెండు గజాల దూరంలో, ఎవరూ లేని చోట ఆగింది. గోలీ కూడా కదల్లేదు. అలాంటి బంతి నేను ఇరవై రెండేళ్లలో చూడలేదు. అక్కడ ఒక మనిషి ఉంటే చాలు. మనవాళ్లెవరూ ఆ చోటికి పరిగెత్తలేదు. వాళ్లకు ఆ చోటు తెలీదు.

మైదానం మధ్యలోంచి ఒక్కడు పరిగెత్తాడు. రెండు అడుగులు వేసి ఆగిపోయాడు. అప్పన్న. తన గోలు మీదకే పరిగెడుతున్నానని అప్పుడు గుర్తొచ్చి, నిలబడి బంతిని చూశాడు. రాజోలు వాడు దాన్ని బయటకు తన్నేశాడు.

రైలెక్కే ముందు షిహాబ్ నన్ను అడిగాడు, "నేను బంతి వేసిన చోట మీకు ఎప్పుడూ ఎవరో ఉండేవాడు. మీవాళ్ల ఆట చూస్తే తెలిసింది. ఎవరతను?"

చెప్పాను. పేరు కూడా చెప్పాను.

సూరయ్య